పాత బండికి అడుగవలసిన వెల



నేను ముప్పదియారేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాడు గురువుల సన్నిధిని కావ్యములును, కొంత ధర్మశాస్త్రమును చదివితిని. కారు నడుపుట నాకు నేటికిని రాదు. ఇట్టివాడు పాత మోటారుబండికి వెల కట్టుటను గూర్చి మాటలాడ వచ్చెనేమని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. రెండేండ్ల క్రిందట ఈ పని నా మీద పడినపుడు నేనును నవ్వితిని. ఆ నవ్వు పదిదినములు నిలువలేదు.

మాది కోనసీమలో కాలువగట్టు మీది గ్రామము. నాతోడి ఉపాధ్యాయుడును, నాకు అన్నవంటివాడును అగు మిత్రుడొకడు కాలము చేసెను. ఆయన తండ్రిగారు ఇంగ్లీషు వైద్యము చేసిన పెద్దలు. ఆ వైద్యులు 1958లో మదరాసు పోయి, 1950లో తయారైన మారిస్ మైనర్ కారు నొకదానిని కొని తెచ్చిరి. అది టాపు మడిచెడి కారు. పైకప్పు రేకుది కాదు, గుడ్డది. దానిని వెనుకకు మడిచివేసినచో బండి గుర్రపుబగ్గీవలె తెరచికొని యుండును. ఇట్టివానిని నేడు కన్వర్టిబుల్ అందురు. తయారుచేసినవారు ఆ యేటి బండిని టూరర్ అని పిలిచిరి. మా యూరివారు మాత్రము డాక్టరుగారి గొడుగుకారు అనిరి. ఎండ కాసిన మడుపు, వాన కురిసిన విప్పు.

తండ్రి పిమ్మట కొడుకు దానిని కాపాడెను. ఆయనయు పోయిన తరువాత అది కొట్టములో చేరినది. వదినగారు ఒకనాడు నన్ను పిలిపించి ఇట్లనిరి: "మాస్టారూ, వాన వచ్చిన మూడు గదులు కారుచున్నవి. మనుమరాలి నర్సింగు చదువునకు ఈ యేడు సొమ్ము కట్టవలెను. ఆ కారు నమ్మివేయుడు. ఎంత చెప్పవలెనో మీరే నిర్ణయింపుడు. ఒక్కటి. ఆయన పేరు చెప్పి ఎవరిని మోసము చేయవలదు. ఎవరిచేతను మనము మోసపోవలదు."

వినుటకు చిన్న మాట. రెండు కొసలను పట్టుకొని నడుమ నిలువబెట్టుట ఎంత కష్టమో ఆనాడు నాకు తెలియదు.

మొదట వచ్చినవాడు పట్టణపు దళారి. బండి చుట్టును రెండుమారులు తిరిగి, బోనెట్టు ఎత్తి చూచి, పెదవి విరిచెను. "ఇందులో అసలు ఇంజను లేదండి. ఎవరో ఫియట్ కారు ఇంజను తెచ్చి పెట్టినారు. అడుగున తుప్పు. డెబ్బది వేలిచ్చెదను, రొక్కము ఇప్పుడే" అనెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. 1978 ప్రాంతమున పాత ఇంజను చెడగా, విడిభాగములు దొరకక, నా మిత్రుడు ఫియట్ ఇంజను వేయించిన మాట నాకును జ్ఞాపకమే. వదినగారు తల యూపబోవుచుండగా దళారి మరియొక మాట కలిపెను: "వెనుక పశువుల కొట్టములో పాత ఇనుమేదో గోతాముల క్రింద నున్నదట. దానిని గూడ నేనే ఎత్తించుకొనిపోయెదను. మీకు చోటు కలిసివచ్చును."

ఊరక చాకిరి చేయబూనిన వర్తకుని నేనెన్నడును చూచి యెరుగను. రేపు రమ్మని అతనిని పంపివేసి, టార్చిలైటు పట్టుకొని కొట్టములోనికి పోయితిని. కొబ్బరిడొక్కల గుట్ట ప్రక్కన, గోతాములలో చుట్టబడి, నలువది యేండ్ల పేడదుమ్ము క్రింద ఆ పాత ఇంజను ఉన్నది. కిరసనాయిలుతోను కొబ్బరిపీచుతోను రుద్దగా దాని మీది సంఖ్య బయటపడెను. ఆర్.సి. పుస్తకము తెప్పించి చూచితిని. రెండును ఒక్కటే. దళారికి మా కంటె ముందే ఆ సంగతి ఎవరు చెప్పిరో నేటికిని తెలియదు.

ఈ సంఖ్యలు కలియుటలో విశేషమేమని మీరడుగవచ్చును. చెప్పెదను. అందులకు ముందు ఒక ప్రశ్న. అసలు ఈ వస్తువు ఏ జాతిది?

యాజ్ఞవల్క్యస్మృతిలో కొన్న వస్తువును పరీక్షించుకొనుటకు గడువులు విధింపబడినవి. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1, బరువు మోయు పశువులకు 5, రత్నములకు 7, పాడిపశువులకు 3. (మనుష్యులను గూడ కొని యమ్మిన ఆ కాలపు దుర్నీతికి చెప్పిన గడువులు వేరుగ నున్నవి, వానితో మనకు పనిలేదు.) చదువుకొను దినములలో ఇది కంఠస్థము చేయుటకొక పాఠము మాత్రమే. ఆ రాత్రి కొట్టములో కూర్చుండి ఆలోచింపగా దీని మర్మము తెలిసినది. వస్తువు ఏ జాతిదో తేలనిదే దానిని పరీక్షించు విధము గాని, వెల కట్టు విధము గాని తేలదు. ఈ కారు ఇనుమా? వాహనమా? రత్నమా?

ఇనుమైనచో లెక్క సులభము. బండి తూకము సుమారు 750 కిలోలు. పాత సామానులవాడు కిలోకు 30 రూపాయలు చెప్పెను. 22,500 రూపాయలు. వాహనమైనచో అంత కూడ రాదు. డెబ్బదియేండ్ల బండిలో దినదినము అమలాపురము సంతకు పోవువాడెవడు? అంతకంటె తక్కువ సొమ్ముతో మోటారుసైకిలు వచ్చును. కాబట్టి డెబ్బది వేలిచ్చెదనన్న దళారి దానిని ఇనుముగాను చూడలేదు, వాహనముగాను చూడలేదు. రత్నముగా చూచి, ఇనుము వెల చెప్పినాడు.

రత్నమైనచో దాని కులగోత్రములు తెలియవలెను. ఈ మారిస్ మైనర్ 1948లో లండను నగరపు మోటారు ప్రదర్శనలో మొదట కనబడినది. దీనిని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. స్మిర్నా పట్టణమున పుట్టి ఇంగ్లండు చేరినవాడు. సంస్థకు యజమానియగు నఫీల్డు ప్రభువునకు ఈ బండి రూపము నచ్చక, ఉడికిన గ్రుడ్డువలె నున్నదని ఈసడించెనట. ఆ గ్రుడ్డే మొత్తము మీద పదునారు లక్షలకు పైగా అమ్ముడైనది. తయారీకి సిద్ధమైన పిమ్మట బండి మరీ ఇరుకుగా నున్నదని తోచి, ఇసిగోనిస్ నమూనాబండిని నిలువునా రెండుగా కోయించి, నడుమ నాలుగంగుళములు ఎడము చేయించెను. అప్పటికే చేసియుంచిన బంపర్లు పొట్టివి కాగా, వానిని గూడ కోసి, నడుమ ముక్క వేసి అతికిరి. మొదటి యేండ్ల బండ్లకు బంపరు నడుమ ఆ అతుకు కనబడును. మా డాక్టరుగారి బండికి అది ఉన్నది. చిన్ననాడు మేము దానిని చూచి, ఎవరో గుద్దగా విరిగినదని అనుకొంటిమి! అట్లే, ముందు దీపములు క్రిందుగా, గ్రిల్లు ప్రక్కన నుండుట ఆ తొలినాటి గుర్తు. 1951 నుండి వానిని రెక్కల మీదికి ఎత్తిరి.

మన దేశమునకును ఈ వంశముతో చుట్టరికము కలదు. 1957 మొదలు 2014 వరకు బెంగాలులో తయారైన అంబాసిడరు కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్ బండికి మారురూపు. ఈ మైనరును గూడ హిందూస్థాన్ మోటార్సువారు బేబీ హిందూస్థాన్ అను పేరుతో కొంతకాలము చేసిరి. ఆ అంబాసిడరుకు ఇది చిన్న పినతండ్రి వరుస యని చెప్పగా వదినగారు నవ్విరి.

రత్నములలో రంగురాళ్లుండును. టాపు మడిచెడి బండికి గిరాకి హెచ్చగుటచేత, రేకు టాపు గల సెలూను బండిని తెచ్చి, టాపు కోసివేసి, గుడ్డ కప్పి అమ్మువారు అన్ని దేశములందును ఉన్నారు. కోసినంత మాత్రమున పాపము లేదు. కోసితిమని చెప్పకుండుటలో పాపమున్నది. ఈ బండికి వేరుగ చట్రము లేదు. ఒళ్లే చట్రము. టాపు బలము పోవును గనుక, కర్మాగారములో టూరర్ చేయునపుడు తలుపుల క్రింది గడపలను, స్తంభముల మొదళ్లను అదనపు రేకుతో దిట్టము చేసిరి. సెలూనును కోసిన బండికి ఆ దిట్టము ఉండదు. మా బండికి ఉన్నది. ఆర్.సి. పుస్తకములో బాడీ రకమను చోట టూరర్ అనియే వ్రాసియున్నది.

ఇంతవరకు శుభమే. అంతలో వదినగారి మేనల్లుడు హైదరాబాదు నుండి వచ్చెను. మంచివాడే కాని తొందరపాటు గలవాడు. సెల్లుఫోనులో ఇంగ్లండు దేశపు ప్రకటన నొకదానిని చూపి, "మాస్టారూ, తొమ్మిది వేల పౌనులు! మన సొమ్ములో తొమ్మిది లక్షలు. మనదింకను పాతది. పది లక్షలు చెప్పుదము" అనెను. నేనడిగితిని: "నాయనా, ఇది అమ్మినవాని మాటయా, కొన్నవాని మాటయా?" అతడు ఊరకుండెను.

అయ్యలారా, ఇక్కడనే పెక్కురు తప్పుదురు. అడిగిన వెల వేరు, ముట్టిన వెల వేరు. ప్రకటనలో కనబడునది అడిగిన వెల. అది అమ్మువాని కోరిక. దానితో ఎవడును బియ్యము కొనలేదు. పైగా ఆ దేశములో మైనరు బండి వారికి సంఘములున్నవి; గడప రేకుల మొదలు గుడ్డ టాపు వరకు క్రొత్తగా చేసి టపాలో పంపు అంగళ్లున్నవి. మన దేశములో అదే రేకు కావలెనన్న ఓడ కూలియు, సుంకమును కలుపుకొనవలెను. అక్కడి వెలను తెచ్చి ఇక్కడి బండికి అతికించుట, రంగూనులో బియ్యపు ధర చెప్పి రావులపాలెములో అరటిగెల నమ్మినట్లుండును.

నేను అమలాపురములోని ఒక వృద్ధ మెకానిక్కును ఆశ్రయించితిని. ఆయన పరిచయముల వలన మూడు మారిస్ మైనరు బండ్ల సంగతి తెలిసినది. ఒకటి తొమ్మిది లక్షలని చెప్పబడుచు రెండేండ్లుగా అమ్ముడుకాక పడియున్నది. దానిని లెక్కలోనుండి తీసివేసితిని. ఒక సెలూను బండి, బాగుగా నడచునది, 3,20,000కు చేతులు మారినది. మూడవది బెంగుళూరులో, మనదానివంటి టాపు మడిచెడి బండియే, పూర్తిగా బాగుచేసినది. ఫోనులో అమ్మినవాని నడుగగా 6,80,000 అనెను. కొన్నవాని నడుగగా 6,30,000 అనెను. అమ్మినవాడు హెచ్చించియు, కొన్నవాడు తగ్గించియు చెప్పుట లోకసహజము. నేను 6,50,000 అని వ్రాసికొంటిని.

ఇది ఆరోగ్యము గల బండి వెల. మనది రోగి. రోగమెంతో తేలవలెను.

నా పాత బడికి పోయి సైన్సు మాస్టరు వద్ద అయస్కాంతము నెరువు తెచ్చితిని. చూచినవారు మాస్టారికి మతి తప్పినదనుకొనిరి. మంచి రేకు మీద అయస్కాంతము పట్టుకొనును. తుప్పును త్రవ్వి లప్పము నింపి రంగు వేసినచోట జారిపోవును. తలుపుల మీద పట్టినది. రెక్కల మీద పట్టినది. ఎడమవైపు గడప మీద జానెడు మేర జారిపోయినది. కుడివైపు మూరెడు. 1996 నవంబరు తుపానులో కొట్టము మీద కొబ్బరిచెట్టు పడి, బండి నీళ్లలో నిలిచినది. తరువాత నా మిత్రుడే లప్పము పెట్టించి రంగు వేయించెను. మోసమునకు కాదు, కంటికి బాగుండుటకు. కాని లప్పమునకు యజమాని మనస్సు తెలియదు గదా!

మెకానిక్కు మరియొక పరీక్ష చూపెను. బండిని నడుమ జాకీతో ఎత్తి తలుపు తీయుమనెను. ఎడమ తలుపు వచ్చినది. కుడి తలుపు స్తంభమునకు రాసికొని బిగిసినది. "ఒళ్లు వంగుచున్నదండి" అనెను. నడుము పట్టిన పశువును లేపి నడిపించి చూచునట్లే ఇదియు.

ఇక లెక్క. గడపల రేకు పనికి మెకానిక్కు 80,000 చెప్పెను. పాత ఇంజనును విప్పి బాగుచేసి మరల ఎక్కించుటకు 90,000. గుడ్డ టాపును, ప్రక్క తెరలును క్రొత్తగా కుట్టించుటకు 35,000. టైర్లు, బ్రేకులు, తీగలు 30,000. కాగితములకు 25,000. మొత్తము 2,60,000. దీనిని ఆరున్నర లక్షలలో తీసివేయగా 3,90,000 మిగులును. కాని విప్పిన పిమ్మట కనబడు రోగములు కొన్ని యుండును. ఆ భయము కొన్నవాడు మోయవలసినది గనుక దానికి 30,000 విడిచితిని. 3,60,000. ఇదియే నా మనస్సులో న్యాయమైన వెల.

కాగితముల మాట చెప్పెదనంటిని. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము మోటారు వాహనముల నియమములను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా గుర్తించు పద్ధతి పెట్టినది. రుసుము 20,000, పదేండ్లు చెల్లును, నంబరు పలక మీద వి.ఎ. అను అక్షరములుండును. అట్టి బండిని దినచర్యకు వాడరాదు. ప్రదర్శనలకు, పాత బండ్ల యాత్రలకు, పెట్రోలునకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవచ్చును. ఒళ్లు గాని, చట్రము గాని, ఇంజను గాని మార్చియుండరాదు. ఆ చివరి మాటలోనే గోతాముల క్రింది ఇంజను విలువయంతయు ఉన్నది. ఫియట్ ఇంజనుతో నున్నంతకాలము అది కలగూరగంప; తన ఇంజను తిరిగి వచ్చిననాడు అది మారిస్.

ఇంకొక చిక్కు. ఆర్.సి. పుస్తకము నేటికిని డాక్టరుగారి పేరనే ఉన్నది! మన పల్లెలలో పొలము పాసుపుస్తకములు తాతల పేర నుండిపోవునట్లే. యజమాని చనిపోయిన 30 దినములలో రవాణా కచేరికి తెలుపవలెను. మూడు నెలలలో వారసుని పేరికి మార్చుకొనవలెను. మనవారు నలువదేండ్లు తెలుపలేదు. పైగా డాక్టరుగారికి ఇద్దరు కుమార్తెలు. వారికిని హక్కున్నది. ఆడపడుచుల నడుగుటకు వదినగారు జంకిరి. నేనే పోయి అడిగితిని. ఇద్దరును ఆ పూటనే సంతకములు చేసిరి. పెద్దామె కారు వెనుకసీటు మీద నుండు తండ్రిగారి తోలు మందులపెట్టె తనకిమ్మని మాత్రము కోరినది. కుటుంబసభ్యుల ధ్రువపత్రమునకును, కచేరి చుట్టు తిరుగుటకును మాకు మూడు నెలలు పట్టినది. వెల ప్రకటించుటకు ముందే ఈ పని ముగింపవలెనని నేను పట్టుబట్టితిని. కాగితము లేని బండికి వెల చెప్పుట, పెండ్లికూతురు తండ్రిని అడుగకయే ముహూర్తము పెట్టినట్లు.

ఇక అడుగవలసినది ఎంత? మేనల్లుడు ఐదు లక్షలనెను. కొనువాడు దిగలాగునట్లు పైన మొదలిడవలెననెను. నేనంగీకరింపలేదు. పశువుల సంతలో తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడువారిని మీరందరును ఎరుగుదురు. న్యాయమునకు దవ్వుగా మొదలిడినవాని చేతిని తెలిసినవాడు వదలి లేచిపోవును; నిలిచియుండువాడు తెలియనివాడే. తెలియనివానికి అమ్మవలెనన్న ఆశయే మోసమునకు మొదటి మెట్టు. అట్లని ఒక్క రూపాయి తగ్గదని చెప్పినచో, బేరమాడి గెలిచితినను తృప్తి కొనువానికి ఉండదు. నేను 3,85,000 అని నిర్ణయించితిని. ఇరువదియైదు వేలు చేయి మెదపుటకు. వదినగారి చెవిలో మాత్రము 3,50,000కు తగ్గినచో వలదని చెప్పమంటిని.

కొన వచ్చినవాడు నా శిష్యుడే. రాజమహేంద్రవరములో కాంట్రాక్టు పనులు చేయుచున్నాడు. బండిని చూచి ముచ్చటపడి, "మీరు చెప్పిన తరువాత నేనేమి చూచెదను మాస్టారూ! 3,85,000 ఇప్పుడే ఇచ్చెదను" అనెను. వదినగారి ముఖము వికసించినది. నాకు మాత్రము గుండె దడదడలాడినది. అతడు కొనుచున్నది బండిని కాదు, నన్ను.

"అట్లయిన నీకమ్మము నాయనా" అంటిని. వదినగారు నిర్ఘాంతపోయిరి. లోపము గల వస్తువును కప్పిపెట్టి అమ్మరాదని మనువు చెప్పినాడు. గురువన్న పేరు లప్పము కంటె దళసరి పూత. అయస్కాంతము తెచ్చి కుడివైపు గడప మీద పెట్టి, అది జారిపోవుట చూపితిని. జాకీ ఎత్తి తలుపు బిగియుట చూపితిని. ఇంజను సంగతి, తుపాను సంగతి, కాగితముల సంగతి ఒక తావుమీద వ్రాసి చేతికిచ్చితిని. "నీ మెకానిక్కును తెచ్చుకొనుము. దీనిని మేము రత్నమని అమ్ముచున్నాము గనుక ఏడు దినముల గడువు. అంతవరకు ఇంకెవరికిని చూపము" అంటిని.

ఆరవ దినమున వచ్చెను. ఈమారు శిష్యునివలె గాక బేరగానివలె వచ్చెను, నాకు సంతోషమైనది. 3,40,000 అనెను. వదినగారే మాటలాడిరి, నేను నోరెత్తలేదు. కాఫీలు రెండుమారులు వచ్చినవి. 3,65,000కు కుదిరినది. యాబది వేలు బయానా ఇచ్చి, వారములో తక్కినది చెల్లించి, లారీ మీద కారును, దాని ప్రక్కన గోతాములో ఇంజనును ఎక్కించుకొనిపోయెను. మేనల్లుడు మూడు నెలలు నాతో మాటలాడలేదు. ఇంటి కప్పు బాగుపడినది. పిల్ల చదువు సాగుచున్నది.

ఇంతటితో కథ ముగిసినదనుకొంటిని. ఎనిమిది నెలల పిమ్మట ఆ శిష్యుడు మా యింటికి వచ్చెను. బండి ప్రాణము పోసికొనిన ముచ్చట లన్నియు చెప్పి, మాటల నడుమ, "గడపలు విప్పగా లోపల స్తంభముల మొదళ్లు గూడ పోయినవి మాస్టారూ. రేకు పనికి లక్షా ముప్పది వేలైనది" అనెను. నిష్ఠురముగా కాదు, వాన కురిసినదన్నట్లు చెప్పెను. కాని నేను వ్రాసియిచ్చినది 80,000. యాబది వేలు తప్పినది. నా ముప్పది వేల భయపు లెక్క దీనికి చాలలేదు. కొనుటయందు గాని అమ్ముటయందు గాని పశ్చాత్తాపము కలిగినచో పది దినములలో త్రిప్పుకొనవచ్చునని మనువు గడువు పెట్టెను. నా పశ్చాత్తాపము ఎనిమిది నెలలకు వచ్చినది.

వదినగారికి చెప్పితిని. చెప్పకుండవలసినదని మేనల్లుడనెను. ఆమె కొంతసేపు ఊరకుండి, 25,000 ఒక కవరులో పెట్టి, "తప్పు ఇద్దరిది, సగము సగము" అని నాచేత పంపిరి. అతడు పుచ్చుకొనలేదు. "నేను చూచుకొని కొన్నాను. నా మెకానిక్కు గూడ తొంబది వేలే చెప్పెను" అనెను. కవరు తిరిగి తెచ్చితిని. రానుపోను రెండుమారులు గోదావరి దాటినది ఆ కవరు. చివరకు అతడే ఒకటి అడిగెను. డాక్టరుగారు 1958లో కారు కొన్ననాటి మదరాసు రసీదు ఏమైన ఉన్నదా అని.

వదినగారు పెట్టెలన్నియు వెదకిరి. రసీదు దొరికినది. దానితోడ ఒక ఛాయాపటమును దొరికినది. కాలువగట్టు మీద టాపు మడిచిన కారు, చక్రము వద్ద డాక్టరుగారు, వెనుకసీటులో పురిటినొప్పులతో నున్న ఎవరో పల్లెపడుచు, ఆమె తల పట్టుకొని ఒక ముసలమ్మ. రెండింటిని గాజుచట్రములో కట్టించి పంపిరి. పాత బండ్ల లోకములో ఇట్టి కాగితములు బండి వెలను పెంచునని నాకు ఆ తరువాత ఆ శిష్యుడే చెప్పెను. వెల కట్టిననాడు నేను వానిని అడుగనేలేదు.

ఆ రాత్రి నా లెక్కల పుస్తకము తీసి, రేకు పని యెదుట 80,000 కొట్టివేసి 1,30,000 అని వ్రాసితిని. దాని క్రింద రసీదు, ఛాయాపటము అని వ్రాసి, ఎదుట ఎంత వేయవలెనో తోచక, చోటు విడిచియుంచితిని.